క్యాన్సర్ తగ్గింది, మరి ఈ దగ్గు ఎక్కడిది? చికిత్స ఊపిరితిత్తులను దెబ్బతీసినప్పుడు ఇంట్లో వాళ్లు తెలుసుకోవాల్సినవి

చాలా ఇళ్లలో ఇది ఇలాగే మొదలవుతుంది. చివరి కీమో అయిపోయింది, స్కాన్ రిపోర్టు బాగా వచ్చింది. ఇంట్లో షుక్రానా నమాజు చదివారు, చుట్టాలకు భోజనం పెట్టారు. రెండు నెలలు తిరిగేసరికి అమ్మీకి పొడి దగ్గు పట్టుకుంది. కఫం లేదు, జలుబు లేదు, దగ్గు మాత్రం పోదు. వజూ చేసుకుని జానమాజ్ దగ్గరికి వచ్చేసరికే ఆయాసం. వీధి చివర డాక్టరు యాంటీబయాటిక్ రాసి సిరప్ ఇచ్చాడు, తగ్గలేదు. ఇంకో డాక్టరు ఎక్స్‌రే చూసి నెమ్ము అన్నాడు. మూడో ఆయన టీబీ కావచ్చన్నాడు. ఇంట్లో వాళ్ల మనసులో మాత్రం ఒకటే భయం, క్యాన్సర్ తిరిగొచ్చిందా అని.

ఈ మూడింటిలో ఏదైనా నిజం కావచ్చు. కానీ నాలుగోది ఒకటుంది, దాన్ని చాలామంది ఊహించరు. క్యాన్సర్‌ను తగ్గించిన మందో, ఛాతీకి పెట్టిన కరెంటో (మన దగ్గర రేడియేషన్‌ను అందరూ కరెంటు అనే అంటారు) ఊపిరితిత్తులను దెబ్బతీసి ఉండొచ్చు.

ఈ మాట చెప్పగానే "అందుకే కీమో వద్దన్నాం" అనేవాళ్లు ప్రతి ఖాందాన్‌లో ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ల మాట పట్టుకోకండి. చికిత్స తీసుకున్న ఎక్కువ మందికి ఈ సమస్య రాదు. వచ్చినవాళ్లలోనూ చాలామందికి తొందరగా కనిపెడితే తగ్గుతుంది. ఆలస్యమైతేనే ప్రమాదం. ఆ ఆలస్యం ఎక్కువగా జరిగేది పెద్దాసుపత్రిలో కాదు, ఇంట్లోనూ వీధి చివర క్లినిక్‌లోనూ.

లోపల ఏం జరుగుతుంది

మనిషి ఊపిరితిత్తుల్లో కోట్ల సంఖ్యలో చిన్న చిన్న గాలి సంచులు ఉంటాయి. వాటి గోడ ఎంత పలుచన అంటే, అటువైపు గాలి, ఇటువైపు రక్తం ఉన్నా ఆక్సిజన్ ఇట్టే దాటిపోతుంది. కొన్ని మందులు, రేడియేషన్ ఈ గోడను గాయపరుస్తాయి. గాయమైన చోట వాపు వస్తుంది, నీరు చేరుతుంది, గోడ మందమవుతుంది. దీన్ని డాక్టర్లు న్యుమోనైటిస్ అంటారు. న్యుమోనియాలా క్రిములు చేసేది కాదిది, క్రిములు లేకుండా వచ్చే వాపు. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల రెండూ ఒకటే అనుకుని యాంటీబయాటిక్‌ల మీద వారాలు గడిపేస్తారు.

వాపు దశలో పట్టుకుంటే చాలావరకు వెనక్కి తిప్పొచ్చు. వదిలేస్తే కొందరిలో ఆ గాయం మానుతూ మానుతూ మచ్చ కడుతుంది. చేతి మీద కాలిన గాయం మానాక చర్మం ఎలా గట్టిపడుతుందో, ఊపిరితిత్తి లోపల కూడా అలాగే పీచు కట్టి బిగుసుకుపోతుంది. ఇదే ఫైబ్రోసిస్. బిగుసుకున్న భాగం మళ్లీ మెత్తబడదు. అందుకే మొదటి రెండు మూడు వారాల విలువ అంత ఎక్కువ.

ఊపిరితిత్తులకే ఎందుకీ దెబ్బ అంటే, ఒంట్లో ఉన్న రక్తమంతా ప్రతి నిమిషం వాటి గుండానే పోతుంది. రక్తంలో కలిసిన మందు కూడా అంతే. పైగా అక్కడ ఆక్సిజన్ ఎక్కువ. కొన్ని మందులు ఆక్సిజన్‌తో కలిసినప్పుడే కణాలను కాల్చే గుణం చూపిస్తాయి.

అందరికంటే పేరు మోసిన మందు

ఈ విషయంలో ప్రపంచమంతా మొదట చెప్పుకునే పేరు బ్లియోమైసిన్. 1960ల్లో జపాన్‌లో హమావో ఉమెజావా బృందం నేలలో దొరికే ఒక బాక్టీరియా నుంచి దీన్ని తీసింది. హాడ్జ్‌కిన్ లింఫోమాకు ఇచ్చే ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమోలో 'బీ' అంటే ఇదే. మగవాళ్లకు వచ్చే వృషణాల క్యాన్సర్‌కు ఇచ్చే బీఈపీలోనూ మొదటి అక్షరం దీనిదే. ఈ రెండు క్యాన్సర్లూ ఎక్కువగా పడుచు వయసులో వస్తాయి, ఎక్కువ మందికి పూర్తిగా నయమవుతాయి. అందుకే ఈ మందు సంగతి ముఖ్యం. ఇరవై ఐదేళ్ల కుర్రాడు క్యాన్సర్ నుంచి బయటపడి ఇంకో నలభై, యాభై ఏళ్లు బతకాలి. ఆ యాభై ఏళ్లూ పీల్చాల్సింది ఈ ఊపిరితిత్తులతోనే.

ఒంట్లో బ్లియోమైసిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది. అది చాలా అవయవాల్లో ఉంటుంది గానీ చర్మంలో, ఊపిరితిత్తుల్లో చాలా తక్కువ. అందుకే ఈ మందు దెబ్బ ఆ రెండు చోట్లే కనిపిస్తుంది. కొందరికి వీపు మీద, చేతుల మీద కొరడాతో కొట్టినట్టు నల్లటి చారలు వస్తాయి కూడా. మందు బయటికి పోయేది ఎక్కువగా మూత్రపిండాల ద్వారా. కిడ్నీ సరిగా పనిచేయకపోతే మందు ఒంట్లో నిలిచిపోయి ప్రమాదం పెరుగుతుంది.

దీన్ని బ్యాంకు ఖాతాలా చూడాలి. ప్రతి కీమోలో ఎక్కిన మోతాదు ఆ ఖాతాలో జమవుతూ పోతుంది, ఏడాది మారినా సున్నా కాదు. మొత్తం 400 యూనిట్లు దాటితే ఊపిరితిత్తుల దెబ్బ బాగా పెరుగుతుందని డాక్టర్లు దశాబ్దాల కిందే గుర్తించారు. అంతకు తక్కువలో రాదని మాత్రం కాదు. నలభై దాటిన వయసు, సిగరెట్ అలవాటు, కిడ్నీ జబ్బు, ఛాతీకి రేడియేషన్, ఇవన్నీ ప్రమాదాన్ని పెంచేవే. ఒక్కో పరిశోధనలో ఒక్కో లెక్క ఉన్నా, మొత్తం మీద బ్లియోమైసిన్ తీసుకున్న నూరు మందిలో సుమారు పది మందికి ఎంతో కొంత దెబ్బ తగులుతుందని, ఒకరిద్దరికి ప్రాణం మీదకు వస్తుందని చెబుతారు.

డాక్టర్లకు దీనికి దారులు తెలుసు. సైకిల్ రేసుల లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1996లో వృషణాల క్యాన్సర్ బయటపడింది, అప్పటికే ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకింది. మొదటి విడత కీమోలో బ్లియోమైసిన్ ఉంది. తర్వాతి విడతల్లో దాన్ని తీసేసి వేరే మందు పెట్టారు, ఊపిరితిత్తులు మిగలాలని. (తర్వాత డోపింగ్ కేసులో, క్యాన్సర్ నుంచి కోలుకున్నాక గెలిచిన అతని టైటిళ్లు పోయాయి, అది వేరే సంగతి.) ఇంకా పెద్ద రుజువు 2016లో వచ్చింది. హాడ్జ్‌కిన్ లింఫోమా బాగా పాకిన రోగుల మీద జరిగిన రాథెల్ అనే అంతర్జాతీయ పరీక్షలో, రెండు విడతల ఏబీవీడీ తర్వాత పెట్ స్కాన్ శుభ్రంగా వచ్చినవాళ్లకు సగం మందికి బ్లియోమైసిన్ ఆపేసి మిగతా మూడు మందులే ఇచ్చారు. మూడేళ్ల తర్వాత చూస్తే రెండు గుంపుల్లోనూ జబ్బు అదుపు దాదాపు సమానం, నూటికి 85 దరిదాపుల్లో. బ్లియోమైసిన్ ఆపినవాళ్లకు ఊపిరితిత్తుల బాధలు తక్కువ.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఈ కీమో మొదలవుతుంటే డాక్టర్‌ను రెండు మాటలు అడగడంలో తప్పులేదు. ముందుగా ఊపిరితిత్తుల పరీక్ష అవసరమా? రెండో విడత తర్వాత పెట్ స్కాన్ బాగుంటే బ్లియోమైసిన్ తగ్గించే వీలుందా? ఇలా అడిగితే డాక్టర్ సాబ్‌కు కోపం వస్తుందేమోనని చాలామంది నోరు మెదపరు. రాదు. వచ్చినా పర్వాలేదు.

కరెంటు అయిపోయిన రెండు మూడు నెలలకు

రొమ్ము క్యాన్సర్, అన్నవాహిక క్యాన్సర్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఛాతీలో గడ్డలు ఉన్న లింఫోమా. వీటన్నిటికీ ఛాతీ మీదుగా రేడియేషన్ ఇస్తారు. ఎంత మంచి మెషిన్ అయినా పక్కన ఉన్న మంచి ఊపిరితిత్తికి కొంత తగలకుండా ఉండదు. ఎంత భాగానికి ఎంత తగలొచ్చో ముందే లెక్క కడతారు. 20 గ్రే, అంతకు మించి పడే భాగం మొత్తం ఊపిరితిత్తుల్లో దాదాపు మూడో వంతు దాటకుండా ప్లాన్ చేయడం మామూలు. రొమ్ము రేడియేషన్‌లో తగిలేది చాలా తక్కువ భాగం కాబట్టి ప్రమాదమూ తక్కువ. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చినప్పుడు ఎక్కువ.

ఇక్కడ అందరూ బోల్తా పడేది సమయం దగ్గర. కరెంటు పెట్టే రోజుల్లో దగ్గు వస్తే దాని వల్లే అని ఎవరైనా అనుకుంటారు. ఇది అప్పుడు రాదు. కరెంటు పూర్తయిన తర్వాత నెల నుంచి మూడు నెలల మధ్య ఎక్కువగా వస్తుంది, కొందరికి ఆరు నెలలకు కూడా. అప్పటికి ఫైలు బీరువాలోకి వెళ్లిపోయి ఉంటుంది. మనిషి కోలుకుని మళ్లీ పెళ్లిళ్లకూ దావత్‌లకూ తిరుగుతుంటుంది. దగ్గు, కొద్దిపాటి జ్వరం, మెట్లెక్కితే ఆయాసం వస్తే ఏసీ గాలి పడలేదని, చల్లటి నీళ్లు తాగావని అంటారు. వెళ్లిన కొత్త డాక్టర్‌కు "మూడు నెలల కింద ఛాతీకి కరెంటు పెట్టారు" అనే ఒక్క ముక్క చెప్పకపోతే, ఆయన కూడా దగ్గుకే మందు రాస్తాడు.

సీటీ స్కాన్‌లో దీని గుర్తు ఒకటుంది. మామూలు న్యుమోనియా ఊపిరితిత్తి సహజ భాగాల ప్రకారం పాకుతుంది. రేడియేషన్ నీడ మాత్రం చాలాసార్లు కిరణాలు పడిన మేరకే, స్కేలు పెట్టి గీసినట్టు అంచుతో కనిపిస్తుంది. చూసే డాక్టర్ దగ్గర రేడియేషన్ వివరాలు ఉంటే అది ఇట్టే పట్టేస్తాడు. లేకపోతే కష్టం.

ఇంట్లో వేసుకునే మాత్రలు, కొత్త ఇంజెక్షన్లు

కీమో అంటే భయపడే కుటుంబాలు మాత్ర అనగానే ఊపిరి పీల్చుకుంటాయి. ఇంట్లోనే వేసుకోవచ్చు, జుట్టు రాలదు, సెలైన్ అక్కర్లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకానికి వాడే గెఫిటినిబ్ అలాంటిదే. 2002 జులైలో జపాన్ దీనికి అనుమతి ఇచ్చింది. వాడకం వేగంగా పెరిగింది. కొద్ది నెలల్లోనే మాత్ర వేసుకుంటున్న వాళ్లలో కొందరికి ఊపిరితిత్తుల్లో తీవ్రమైన వాపు వచ్చి చనిపోతున్నారని తేలింది. అదే ఏడాది అక్టోబర్‌లో అత్యవసర హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. బాధిత కుటుంబాలు కోర్టుకెక్కాయి, ఆ కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. మందు చెడ్డదని కాదు, సరైన రోగికి ఇది ఇప్పటికీ పనికొచ్చే మందే. మాత్ర కదా అని తేలిగ్గా తీసుకోవద్దని చెప్పడానికే ఈ సంగతి. ఈ కుటుంబానికే చెందిన ఓసిమెర్టినిబ్‌తోనూ ఈ సమస్య వస్తుంది, నూటికి ముగ్గురు నలుగురికి. మొదలుపెట్టిన తొలి వారాలు, నెలల్లో మరీ జాగ్రత్త కావాలి.

ఇమ్యునోథెరపీ సంగతి ఇంకోలా ఉంటుంది. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి ఈ మందులకు దారి చూపిన జేమ్స్ అల్లిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. ఇవి క్యాన్సర్‌ను నేరుగా చంపవు. ఒంట్లోని రక్షణ దళానికి కట్టిన కళ్లెం విప్పేస్తాయి. కళ్లెం విప్పిన గుర్రం ఒక్కోసారి సొంత ఊపిరితిత్తుల మీదకే వస్తుంది. నూటికి ముగ్గురు నుంచి ఐదుగురికి ఇలా జరుగుతుంది. మందు ఆపేసిన కొన్ని నెలల తర్వాత కూడా రావచ్చు.

రొమ్ము క్యాన్సర్‌లో ఇప్పుడు బాగా పేరొచ్చిన ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ గురించి ఆడవాళ్లున్న ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. పెద్ద పరీక్షల్లో నూటికి 10 నుంచి 15 మందికి దీంతో ఊపిరితిత్తుల వాపు కనిపించింది, కొద్దిమంది చనిపోయారు కూడా. అందుకే దీని సమాచార పత్రంలోనే పెద్ద హెచ్చరిక ఉంటుంది. లక్షణాలేవీ లేకుండా స్కాన్‌లో మాత్రమే కనిపిస్తే మందు కొన్నాళ్లు ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టే వీలుంది. దగ్గు, ఆయాసం మొదలయ్యాక పట్టుకుంటే ఆ మందు ఇక జన్మలో ఇవ్వరు. అంటే లక్షణాలు రాకముందే స్కాన్‌లో పట్టుకోవడం వల్ల ఒక మంచి మందు చేజారకుండా ఉంటుంది. డాక్టర్ చెప్పిన తేదీకి సీటీ తీయించడం ఖర్చు దండగ అనుకోకండి.

పాత మందుల్లోనూ మెథోట్రెక్సేట్, బుసల్ఫాన్, సైక్లోఫాస్ఫమైడ్, కార్ముస్టిన్ లాంటివి ఈ జాబితాలో ఉన్నాయి. కార్ముస్టిన్‌ది మరీ విచిత్రం. చిన్నప్పుడు మెదడు గడ్డకు అది తీసుకున్న పిల్లల్లో కొందరికి పదేళ్లు దాటాక ఊపిరితిత్తులు బిగుసుకుపోవడం బయటపడింది.

టీబీ అనుకుంటే, టీబీ కాదనుకుంటే

ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఎక్స్‌రేలో నీడ కనిపిస్తే డాక్టర్‌కు మొదట టీబీ గుర్తుకు రావడం సహజం. కీమోతో నీరసించిన ఒంట్లో పాత టీబీ మళ్లీ లేవడం కూడా నిజమే. చిక్కు ఏమిటంటే, రెండు పొరపాట్లూ ప్రమాదమే. మందుల దెబ్బను టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు వేస్తే లోపల మచ్చ కట్టిపోతుంది. టీబీని మందుల దెబ్బ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే టీబీ విజృంభిస్తుంది.

అందుకే నీడ చూసి ఊహించడం కాదు, పరీక్ష కావాలి. తెమడ పరీక్ష, అందులోనూ సీబీనాట్ లేదా ట్రూనాట్, సర్కారు ఆసుపత్రుల్లో ఉచితం. ఈ జబ్బులో దగ్గు పొడిగా ఉంటుంది కాబట్టి తెమడే రాకపోవచ్చు. అప్పుడు ముక్కు లేదా నోటి ద్వారా సన్నని గొట్టం పంపి లోపల కడిగిన నీటిని పరీక్షిస్తారు. ఇది బ్రాంకోస్కోపీ. పేరు వింటే భయమేస్తుంది గానీ తర్వాత ఆరు నెలలు చీకట్లో తడుముకోవడం కంటే నయం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ ఒంట్లో ఇతర మందులను త్వరగా కరిగించేస్తుంది. గెఫిటినిబ్ వేసుకునే మనిషికి రిఫాంపిసిన్ కలిపితే రక్తంలో గెఫిటినిబ్ బాగా పడిపోతుంది. మాత్ర రోజూ వేసుకుంటూనే ఉంటారు, పని మాత్రం జరగదు. టీబీ మందు మొదలుపెట్టే ముందు క్యాన్సర్ డాక్టర్‌కు ఒక్క ఫోన్ చేయాలనేది అందుకే.

స్టెరాయిడ్, షుగర్, రోజా

మందుల దెబ్బే అని తేలితే మొదట ఆ మందు ఆపుతారు. ఆయాసం ఉంటే స్టెరాయిడ్ మొదలుపెడతారు. మామూలుగా ప్రెడ్నిసోలోన్, కిలో బరువుకు సుమారు 1 మిల్లీగ్రాము చొప్పున. రెండు మూడు రోజుల్లోనే చాలామందికి తేడా తెలుస్తుంది. ఇక్కడే రెండో పొరపాటు జరుగుతుంది. తగ్గింది కదా, స్టెరాయిడ్ మంచిది కాదట కదా అని ఇంట్లో వాళ్లే ఆపేస్తారు. వాపు రెట్టింపుగా తిరిగొస్తుంది. పైగా కొన్ని వారాలు స్టెరాయిడ్ వాడాక ఒళ్లు సొంతంగా ఆ హార్మోన్ తయారు చేయడం మానేస్తుంది. ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి మనిషి కూలిపోవచ్చు. ఈ మాత్రను నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం, మెట్టు మెట్టుగా తగ్గించాలి.

షుగర్ ఉన్నవాళ్లకు స్టెరాయిడ్‌తో షుగర్ ఎగబాకుతుంది. మన ఇళ్లలో యాభై దాటినవాళ్లలో షుగర్ లేనివాళ్లను వెతుక్కోవాలి కాబట్టి గ్లూకోమీటర్ దగ్గర పెట్టుకోవడం మంచిది.

రంజాన్ వస్తే ఈ విషయం ఇంకా సున్నితం. నలభై ఏళ్లుగా ఒక్క రోజా వదలని అమ్మీని వద్దనడం పిల్లలకు కష్టం. ఉదయం వేసుకోవాల్సిన మాత్రను ఎవరికీ చెప్పకుండా ఇఫ్తార్‌కు జరిపేవాళ్లు, అసలు మానేసేవాళ్లు ఉన్నారు. రోగికి, ప్రయాణికుడికి రోజా నుంచి మినహాయింపు ఉందని, తర్వాతి రోజుల్లో పూర్తి చేసుకోవచ్చని సూరా బఖరా 184, 185 ఆయతుల్లోనే ఉంది. కోలుకునే ఆశ లేనివాళ్లకు ఫిద్యా సంగతి ఆలిమ్‌లు చెబుతారు. కొందరికి సెహ్రీలో మాత్ర వేసుకునే వీలు ఉండొచ్చు, కానీ ఆ నిర్ణయం డాక్టర్ చేయాలి. రంజాన్ మొదలయ్యాక కాదు, షాబాన్‌లోనే అడిగి పెట్టుకోవాలి.

మచ్చ కట్టేశాక స్టెరాయిడ్ పెద్దగా పనిచేయదు. అప్పుడు శ్వాస వ్యాయామాలు, నడక, ఫ్లూ టీకా, న్యుమోకోకల్ టీకా, అవసరమైతే ఇంట్లో ఆక్సిజన్, వీటితోనే నెట్టుకురావాలి.

దగ్గు ఎందుకు దాస్తారు

ఆసుపత్రుల్లో నర్సులను అడిగితే చెబుతారు, రోగులు అన్నిటికంటే ఎక్కువగా దాచేది దగ్గు, ఆయాసమే. చెబితే కీమో ఆపేస్తారని ఒక భయం. మళ్లీ స్కాన్ అంటారు, మళ్లీ వేలు ఖర్చు, కొడుకు ఇప్పటికే అప్పు చేశాడు అని ఇంకో బాధ. ఆడవాళ్లయితే మరీ. వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుని రొట్టెలు చేస్తారు గానీ నిలబడలేకపోతున్నానని చెప్పరు.

మందు ఆపితే చికిత్స ఆగిపోయినట్టు కాదు. బ్లియోమైసిన్ తీసేసి మిగతావి కొనసాగించొచ్చని పైన చూశాం. ఒక మాత్ర పడకపోతే చాలాసార్లు ఇంకోటి ఉంటుంది. దాచిపెట్టి వెంటిలేటర్ దాకా వెళ్తే మాత్రం అన్నీ ఆగిపోతాయి, ఖర్చు పదింతలవుతుంది. ఆరోగ్యశ్రీలో గానీ ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవలో గానీ చికిత్స జరుగుతుంటే, దుష్ప్రభావం వల్ల చేరాల్సి వచ్చినప్పుడు ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్ర దగ్గర ముందే కనుక్కోండి. సొంత డబ్బు కట్టేశాక అడిగితే లాభం ఉండదు.

చెప్పకపోయినా ఇంట్లో వాళ్లు కనిపెట్టొచ్చు. పోయిన నెల ఇషా మొత్తం నిలబడి చదివిన మనిషి ఈ నెల రెండు రకాత్‌లకే కూర్చుంటున్నారా? సజ్దా నుంచి లేచాక మాట్లాడటానికి ఆగుతున్నారా? మాట మధ్యలో ఊపిరి కోసం ఆపుతున్నారా? పల్స్ ఆక్సీమీటర్ చాలా ఇళ్లలో కోవిడ్ నాటిది ఉండే ఉంటుంది. కూర్చున్నప్పుడు 97 చూపించవచ్చు. ఇంట్లోనే ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ పెట్టండి. నాలుగు పాయింట్లు, అంతకు మించి పడితే అదే వారం డాక్టర్‌ను కలవాలి. కూర్చున్నప్పుడే 92 కిందకు వస్తే, పెదాలు నీలంగా మారితే, కీమో నడుస్తున్న రోజుల్లో జ్వరం 100.4 దాటితే ఆ రోజే ఆసుపత్రికి. వేలికి చిక్కటి మెహందీ, నెయిల్ పాలిష్ ఉంటే మెషిన్ తప్పు చూపించవచ్చు, శుభ్రంగా ఉన్న వేలికి పెట్టండి.

జుమేరాత్ సాయంత్రం లోబాన్ పొగ వేసే అలవాటు ఉంటే రోగి ఉన్న గదిలో మానేయాలి. ఊద్‌బత్తీ, హుక్కా, సిగరెట్ సరేసరి. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఇళ్లలో పొగాకు దుమ్ము సంగతి డాక్టర్‌కు చెప్పాలి. ఆయన అడగకపోయినా.

ఉమ్రా ఆలోచన ఉన్నవాళ్లు టికెట్ కొనేముందే ఛాతీ డాక్టర్‌ను కలవాలి. విమానం లోపలి గాలి ఒత్తిడి దాదాపు ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత తక్కువగా ఉంటుంది. నేల మీద 93 ఉన్న సాచురేషన్ పైన ఇంకా పడిపోతుంది. అక్కడికి చేరాక సయీ ఒక్కటే సుమారు మూడు కిలోమీటర్లు. వీల్‌చైర్‌లో చేసుకోవడానికి అవకాశం ఉంది, మొహమాటపడాల్సిన పని లేదు.

మత్తు డాక్టర్‌కు చూపించాల్సిన కాగితం

బ్లియోమైసిన్ తీసుకున్నవాళ్లకు ఇంకో జాగ్రత్త ఉంది, ఇది ఏళ్ల తర్వాత కూడా వర్తిస్తుంది. 1978లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన రిపోర్టు ప్రకారం, బ్లియోమైసిన్ తీసుకున్న ఐదుగురు వృషణాల క్యాన్సర్ రోగులు ఆపరేషన్ తర్వాత ఊపిరాడక చనిపోయారు. మత్తులో ఉన్నప్పుడు ఇచ్చిన ఎక్కువ ఆక్సిజన్, ఎక్కువ సెలైన్ మీద డాక్టర్లకు అనుమానం వచ్చింది. తర్వాత పన్నెండు మందికి ఆక్సిజన్‌ను మామూలు గాలిలో ఉన్నంతకు దగ్గరగా ఉంచి, సెలైన్ తగ్గించి ఆపరేషన్ చేస్తే అందరూ బతికారు. ఆక్సిజన్ పాత్ర ఎంత, ప్రమాదం ఎన్నేళ్లు ఉంటుంది అనే దాని మీద ఇప్పటికీ డాక్టర్లలో వాదన ఉంది. అయినా జాగ్రత్త మాత్రం అలాగే ఉంది, అవసరమైనంతే ఇవ్వాలి. దీన్ని విని సాచురేషన్ పడిపోతున్న మనిషికి ఆక్సిజన్ వద్దనకూడదు. ప్రాణానికి అవసరమైతే ఇవ్వాల్సిందే, ఎంత ఇవ్వాలో చూసుకుని ఇస్తారు.

ఇరవై రెండేళ్లకు లింఫోమా నయమైన అమ్మాయికి ఇరవై ఎనిమిదేళ్లకు కాన్పు ఆపరేషన్ జరగొచ్చు, లేదా అర్ధరాత్రి అపెండిక్స్ ఆపరేషన్. అప్పుడు ఎదురుగా ఉండే మత్తు డాక్టర్‌కు ఆమెను చూడటం అదే మొదటిసారి. అత్తగారింట్లో పాత జబ్బు సంగతి తెలియకూడదని ఫైలును పుట్టింట్లోనే దాచిన సందర్భాలు తక్కువేం కాదు. రిష్తా విషయంలో ఎవరికి ఏం చెప్పాలనేది ఆ కుటుంబం ఇష్టం. డాక్టర్ దగ్గర మాత్రం దాచకూడదు. ఏ మందులు, మొత్తం ఎంత మోతాదు, ఏ నెలలో ముగిశాయి, ఛాతీకి ఏ వైపు ఎన్ని రోజులు కరెంటు పెట్టారు, ఇవన్నీ డిశ్చార్జ్ సమ్మరీలో ఉంటాయి. లేకపోతే చికిత్స జరిగిన ఆసుపత్రిలో అడిగి రాయించుకోండి. ఆ రెండు పేజీలను ఫోటో తీసి రోగి ఫోన్‌లో, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో పెట్టండి.